మత్తు దిగిన కాళ్లు

“మీవారికి మత్తు ఎప్పుడు దిగిందమ్మా?”

“ఇంకా దిగలేదండి. దిగితే ఈపాటికి ఆయన కేకలు కింద మందుల షాపు దాకా వినపడేవి,” అంది శ్రీదుర్గ.

డిటెక్టివ్ రాజరత్నం నర్సింగ్ హోమ్ వరండా గోడకి ఆనుకున్నాడు. ఆమె జవాబులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆపరేషన్ అయినవాడికి మత్తు దిగితే నొప్పి మొదలవుతుంది. నొప్పి లేదంటే మత్తు దిగలేదన్నమాట. ఇది ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే, అతనూ చిన్నప్పట్నుంచి అలాగే విన్నాడు. కాకపోతే నిన్న పొద్దున ఇచ్చిన మత్తు ఇవాళ పొద్దున దాకా ఉండటం మాత్రం ఎక్కడా వినలేదు.

ఆ ఒక్క మాట మీదే ఇప్పుడు డ్రైవర్ లోవరాజు బతుకు ఆధారపడి ఉంది.

జరిగినది ఇది. శ్రీదుర్గ భర్త అచ్చిబాబు, అతని అన్న గంగయ్య కలిసి పాలకొల్లు అవతల రైస్ మిల్లు నడుపుతున్నారు. మొన్న మిల్లు బెల్టులో పడి అచ్చిబాబు కుడికాలి వేళ్లు రెండు నలిగిపోయాయి. నిన్న పొద్దున ఈ నర్సింగ్ హోమ్‌లో వాటిని తీసేశారు. సాయంత్రం గంగయ్య తమ్ముణ్ణి చూడటానికి వచ్చి, కాసేపు కూర్చుని కిందకి దిగాడు. అంతలో కరెంటు పోయింది. జనరేటర్ వేద్దామని వాచ్‌మన్ వెనక షెడ్డుకి వెళ్లేసరికి, గంగయ్య తల పగిలి నేల మీద ఉన్నాడు. అప్పటికే ప్రాణం పోయింది. జనరేటర్ తిప్పే ఇనప హ్యాండిల్ పక్కనే పడి ఉంది.

షెడ్డు గుమ్మంలో పగిలిన గోలీసోడా సీసా కనిపించింది. ఆ సోడా కొని పట్టుకెళ్లింది గంగయ్య కారు డ్రైవర్ లోవరాజేనని కొట్టువాడు చెప్పాడు. అంతకుముందు రోజే గంగయ్య అతన్ని నలుగురిలో తిట్టాడని మిల్లు కూలీలు చెప్పారు. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ రమేష్ బాబుకి అంతకంటే అక్కర్లేకపోయింది. రాత్రికి రాత్రే లోవరాజు నేరం ఒప్పుకున్నాడు. ఇవాళ కోర్టులో పెడతారు.

లోవరాజు ఒకప్పుడు రాజమండ్రిలో రాజరత్నం కారు నడిపినవాడు. అందుకే అతని తల్లి లోవమ్మ తెల్లారేసరికి ఫోన్ చేసింది. ఇప్పుడు కింద మెట్ల మీద కూర్చుని ఉంది. పైకి రమ్మంటే రాలేదు.

ఆ సాయంత్రం ఈ భవనంలో గంగయ్య మీద కోపం ఉన్న మనిషి లోవరాజు కాకుండా ఇంకొకడు ఉన్నాడు. ఆ సంగతి శ్రీదుర్గే తెలియకుండా బయటపెట్టింది. బావగారు మాట్లాడి వెళ్లాక ఆయన ముఖం మాడ్చుకుని గోడవైపు తిరిగి పడుకున్నారనీ, కాఫీ తెమ్మంటే తను ఫ్లాస్కు తీసుకుని కిందకి వెళ్లిందనీ, కరెంటు పోవడంతో హోటల్ దగ్గరే ఆగిపోయిందనీ చెప్పింది. తిరిగి వచ్చేసరికి ఆయన మంచం మీదే ఉన్నారు. మత్తులో ఉన్న మనిషి ఎక్కడికి పోతారని ఆమే ఎదురు అడిగింది.

“నిజమేననుకోండి. మధ్యాహ్నం ఎలా ఉన్నారు? నిద్రపోయారా?”

“లేదండి, బాగానే మాట్లాడారు. ముక్కు ఒకటే గోక్కుంటున్నారు. దిష్టేమోనని ఉప్పు తిప్పి పారేశాను. అన్నం తిన్నాక ఒకసారి విసుక్కున్నారు కూడాను.”

“దేనికమ్మా?”

“ఈగ వాలిందండి. పాదం మీద ఈగ, తోలవేం అని కాలు ఇలా లాక్కున్నారు.”

రాజరత్నం వరండా గోడకి ఆనుకుని ఉన్నవాడు నిటారుగా నిలబడ్డాడు. ఏ కాలని అడిగాడు. రెండూనని ఆమె చెప్పింది. ఒక కాలి మీంచి లేచి రెండో దాని మీద, కట్టు లేనిచోట వాలిందట.

ఈగ వాలితే తెలిసిన కాలు. ఈగని తప్పించుకోవడానికి కదిలిన కాలు. అదే కాలికి వేళ్లు తీసేసిన నొప్పి మాత్రం తెలియలేదు. మూడూ ఒకే కాలిలో ఎలా కుదిరాయి?

“ఏంటండీ రత్నంగారూ, రాజమండ్రిలో దొంగలు అయిపోయారా, మా ఊరు దాకా వచ్చారు?”

మెట్లెక్కి వస్తున్న రమేష్ బాబు ముఖంలో రాత్రంతా మేలుకున్న అలసట, పని అయిపోయిన తృప్తి రెండూ ఉన్నాయి. శ్రీదుర్గ సంతకం కోసం వచ్చానన్నాడు. రాజరత్నం నేరుగా విషయానికి వచ్చాడు. అచ్చిబాబు నడవగల స్థితిలో ఉన్నాడో లేదో ఎవరైనా పరీక్ష చేశారా అని అడిగాడు.

రమేష్ బాబు నవ్వాడు. “నేనేమన్నా కొత్తగా ఉద్యోగంలో చేరానా? మత్తు డాక్టరమ్మని నేనే అడిగాను. వెన్నులో మత్తిచ్చారా అంటే ఇచ్చానన్నారు. ఎప్పటిదాకా అంటే రేపు పొద్దున దాకా అన్నారు. అదే రాసుకున్నాను. నడుం కింద చచ్చుబడ్డవాడు మెట్లు దిగి హత్య చేశాడని చెప్పి, మీ డ్రైవర్ని తీసుకుపోదామనా?”

“ఆవిడ పొద్దున దాకా ఉంటుందన్నది మత్తేనా?”

“మరింకేంటి, పెళ్లి భోజనమా?”

ఆ పేషంటు గదిలోకి తన అనుమతి లేకుండా అడుగు పెట్టవద్దని రమేష్ బాబు గట్టిగానే చెప్పాడు. రాజరత్నం సరేనన్నాడు. అతనికి అప్పుడు పేషంటు కంటే ముందు డాక్టరు కావాలి.

డాక్టర్ క్రిస్టినాది ఏ ఒక్క ఆసుపత్రీ కాదు. ఎక్కడ ఆపరేషన్ ఉంటే అక్కడికి వెళ్లి మత్తిచ్చి వస్తుంది. తణుకు వెళ్లేముందు నిన్నటి పేషంటుని చూసి పోదామని అప్పుడే కారు దిగింది. డ్యూటీ గదిలో రాజరత్నం ముక్కు దురద సంగతి, ఈగ సంగతి చెప్పగానే ఆమె ఆశ్చర్యపోలేదు.

“తెలుస్తుందండి. ఎందుకు తెలియదు? కాళ్ల మత్తు నిన్న మధ్యాహ్నానికే దిగిపోయింది కదా.”

“మరి సీఐగారితో పొద్దున దాకా అన్నారట?”

“నొప్పి ఉండదన్నాను. మత్తు ఉంటుందనలేదు.” ఆమె చేతిలో సంచీ బల్ల మీద పెట్టేసింది. “ఆయన మత్తు ఎప్పటిదాకా అనే అడిగారు. నొప్పి సంగతి అడుగుతున్నారనుకున్నాను. అందరూ అలాగే అడుగుతారు మరి.”

రాజరత్నం కుర్చీ దగ్గరికి లాక్కుని, తనకి సైన్సు వచ్చునని అనుకోవద్దనీ, మొదట్నుంచి చెప్పమనీ అడిగాడు. ఆమె చెప్పింది. వెన్నులోకి నిన్న ఒకే సూదితో రెండు మందులు వెళ్లాయి. ఒకటి అందరికీ తెలిసినది. అది నరాలన్నిటినీ కట్టేస్తుంది. స్పర్శ పోతుంది, కదలిక పోతుంది, నొప్పి పోతుంది. కొన్ని గంటల్లో దిగిపోతుంది. రెండోది మార్ఫిన్, అదీ చాలా కొద్దిగా. అది ఒక రోజు దగ్గర దగ్గర పనిచేస్తుంది.

“అది నరాన్ని కట్టెయ్యదా?”

“కట్టెయ్యదు. కాలి నుంచి నొప్పి కబురు మోసుకొచ్చే నరం వెన్నుపాములో ఆగిపోతుందండి. అక్కణ్ణించి మెదడుకి మోసేది ఇంకో నరం. రెండిటికీ మధ్య సన్న సందు. మొదటిది ఆ సందులోకి రసాయనం వదులుతుంది, రెండోది అందుకుంటుంది. మార్ఫిన్ సరిగ్గా అక్కడికి పోయి రెండిటినీ పడుతుంది. చెప్పేవాడి నోరు నొక్కుతుంది, వినేవాడికి చెముడు తెప్పిస్తుంది. కాలు నొప్పి నొప్పని మొత్తుకుంటూనే ఉంటుంది. కబురు మాత్రం పైకి పోదు.”

“ఈగ కబురు ఎలా పోయింది మరి?”

“స్పర్శది వేరే దారి. కాలు కదపమని పైనుంచి వచ్చే ఆజ్ఞదీ వేరే దారి. మార్ఫిన్ పట్టే తాళాలు ముఖ్యంగా నొప్పి దారిలోనే ఉంటాయి.”

ఆ తాళాలు ఒంట్లో ముందే ఎందుకున్నాయని అతను అడిగాడు. ఆ ప్రశ్నకి కేసుతో సంబంధం లేదు, అయినా అడగకుండా ఉండలేకపోయాడు. క్రిస్టినా ముఖం విచ్చుకుంది. మన ఒళ్లే అలాంటి మందు కాస్త తయారు చేసుకుంటుందనీ, దెబ్బ తగిలిన మనిషి ఒక్కోసారి ఆ నొప్పి తెలియకుండా పరిగెత్తడానికి అదీ ఒక కారణమనీ చెప్పింది. ముక్కు దురద కూడా వెన్నులో ఇచ్చిన మార్ఫిన్ గుర్తేనంది.

“అంటే నిన్న సాయంత్రం అచ్చిబాబు లేచి నడవగలడు?”

“నడవకూడదు. నడవగలడు. మడమ మీద బరువేసి నడిస్తే ఆపరేషన్ కాలు కూడా అడ్డం చెప్పదు.”

“ముల్లు గుచ్చుకున్నా తెలియదా?”

ఆమె కాస్త ఆలోచించింది. “గుచ్చుకున్నప్పుడు చురుక్కుమంటుంది. ఆ కబురు లావుపాటి నరంలో గబగబా పోతుంది, దాన్ని ఈ మందు అంతగా ఆపలేదు. తర్వాత సలుపు వస్తుంది చూశారా, అది సన్న నరాల్లో నెమ్మదిగా వచ్చేది. అది రాదు. మనిషి చురుక్కుమన్నది మర్చిపోతాడు.”

రాజరత్నం వెనక మెట్లు దిగి షెడ్డుకి వెళ్లాడు. ఆ మెట్లు అచ్చిబాబు గది పక్కనుంచే మొదలవుతాయి. ముందు గేటువైపు నుంచి చూస్తే కనిపించవు. వాచ్‌మన్ ఎవరినీ లోపలికి వెళ్లనివ్వలేదని చెప్పాడు. హ్యాండిల్‌ని, సీసా మెడని పోలీసులు పట్టుకెళ్లారు. చిన్న చిన్న పచ్చ గాజు పెంకులు గుమ్మమంతా అలాగే ఉన్నాయి. షెడ్డుకి ఒకటే గుమ్మం, దాని రెండు పక్కలా డీజిల్ డ్రమ్ములు. సీసా పగిలాక లోపలికి వెళ్లినవాడైనా, బయటికి వచ్చినవాడైనా ఆ పెంకుల మీంచే నడవాలి.

లోవరాజు ఎప్పుడూ టైరు చెప్పులు వేసుకుంటాడు. అరెస్టు చేసేటప్పుడు కూడా కాళ్లకి అవే ఉన్నాయని వాచ్‌మన్ చెప్పాడు. పైన ఉన్న పేషంట్ల సంగతి వేరు. ఇక్కడ చెప్పులతో మెట్లెక్కనివ్వరు. పేషంటు చెప్పులైనా ముందు గుమ్మం దగ్గర వదిలి రావలసిందే. అచ్చిబాబువి అక్కడే ఉన్నాయి. రాజరత్నం వచ్చేటప్పుడు వాటి పక్కనే తన బూట్లు విప్పాడు.

అంటే అచ్చిబాబు దిగి ఉంటే వట్టి కాళ్లతో దిగాడు. కుడికాలికి కట్టు ఉంది. ఎడమకాలికి ఏమీ లేదు.

అతను పైకి వచ్చేసరికి రమేష్ బాబు గది గుమ్మంలోనే కుర్చీ వేసుకుని ఉన్నాడు. పేషంటు ఎడమ పాదం ఒక్కసారి చూడాలని రాజరత్నం అడిగాడు. ఆపరేషన్ కుడికాలికని రమేష్ బాబు గుర్తు చేశాడు. అందుకే ఎడమది అడుగుతున్నానన్నాడు రాజరత్నం. కుదరదన్నాడు రమేష్ బాబు. అన్న పోయిన మనిషిని పాదాలు చాపమని అడగడానికి సిగ్గుండాలన్నాడు. లోపల శ్రీదుర్గ తలవంచుకుని సంతకాలు పెడుతోంది. క్రిస్టినా రోగి నాడి చూస్తోంది.

మంచం మీద అచ్చిబాబు కళ్లు తెరిచే ఉన్నాడు. నలభై ఏళ్లుంటాయి. నెమ్మదైన మనిషిలాగే ఉన్నాడు. అన్నయ్యని ఇంటికి ఎప్పుడు తెస్తారని అడిగాడు. తర్వాత రెండు కాళ్లూ దుప్పటి కింద అటూ ఇటూ కదిపాడు. ముఖం చిట్లించాడు.

“డాక్టరుగారూ, మత్తు దిగుతున్నట్టుందండి.”

“నొప్పి మొదలైందా?”

“ఆయ్. కోసిన కాలు మండుతోందండి. అది సరే. ఈ మంచికాలేంటండీ, ఇదీ సలుపుతోంది? అరికాలు పొడుస్తున్నట్టుంది. కాస్త చూడండి.”

రమేష్ బాబు కుర్చీలోంచి లేచాడు. ఆ మాట రాజరత్నం అనలేదు, డాక్టరూ అనలేదు. పేషంటే తన నోటితో అడిగాడు. అడ్డు పడటానికి కారణం దొరకలేదు.

క్రిస్టినా దుప్పటి తొలగించి ఎడమ పాదం ఎత్తింది. దుమ్ముతో నల్లబడ్డ అరికాలి మధ్య ఎండిన రక్తపు చుక్క ఉంది. దాని కింద దుప్పటి మీద కూడా రెండు మరకలున్నాయి. కట్టులోంచి కారినవేనని రాత్రి నర్సు అనుకుంది. క్రిస్టినా పట్టకారుతో నెమ్మదిగా లాగి, పచ్చటి గాజు పెంకుని దూది మీద పెట్టింది.

శ్రీదుర్గ చేతిలో పెన్ను ఆగిపోయింది. “ఎక్కడ తొక్కారండీ ఇది?” అని అడిగింది. అచ్చిబాబు పాదం దుప్పటి కిందకి లాక్కున్నాడు.

రమేష్ బాబు మంచం దగ్గరికి వచ్చాడు. అడగవలసినవన్నీ ఒక్క ఊపులో అడిగేశాడు. ఎప్పుడు దిగావు, ఎందుకు దిగావు, హ్యాండిల్ ఎవరు తీశారు. అచ్చిబాబు పళ్లు బిగించాడు. కుడికాలి నొప్పి మాట మాటకీ పెరుగుతోంది. ఇన్ని గంటలు ఆగిన కబురంతా ఇప్పుడు పైకి చేరుతున్నట్టుంది. నుదుటి మీద చెమట పట్టింది. సూది ఇవ్వమని డాక్టర్ని బతిమాలాడు. ఆమె అప్పటికే సిరంజిలోకి మందు తీస్తోంది.

“ఆగండి డాక్టరుగారూ,” అన్నాడు రమేష్ బాబు. “ముందు జవాబు. తర్వాత సూది.”

“ఈయన నా పేషంటండి. నొప్పి తగ్గించడం నా పని.”

“ఒక్క అయిదు నిమిషాలు. నొప్పి ఉంటేనే నిజం వస్తుంది. మా పని మాకు తెలుసు. ఏవండీ రత్నంగారూ, మీ డ్రైవర్ కోసమేగా ఇదంతా? మీరైనా చెప్పండి.”

రాజరత్నం వాచీ చూసుకోలేదు. కోర్టు వేళ దగ్గర పడుతోందని అతనికి తెలుసు. ఆ అయిదు నిమిషాల్లో అచ్చిబాబు ఒప్పుకోవచ్చనీ తెలుసు.

“ఇచ్చెయ్యండి డాక్టరుగారూ,” అన్నాడు. “నొప్పితో చెప్పించిన మాట రాత్రి ఒకటి తయారైంది, అది సీఐగారి దగ్గరుంది. అలాంటిది ఇంకోటి నాకొద్దు.”

క్రిస్టినా ఎవరి జవాబు కోసమూ ఆగలేదు. ఈసారి సూది వెన్నుకి కాదు, చీలమండ చుట్టూ నరాల దగ్గర ఇచ్చింది. పాదం ఒక్కటే మొద్దుబారుతుందనీ, తల తేటగానే ఉంటుందనీ, ఇప్పుడు ఏం చెప్పినా తెలిసే చెప్తారనీ సీఐకి వినపడేలా చెప్పింది.

కాసేపటికి అచ్చిబాబు ఊపిరి మామూలుగా అయింది. కళ్లు తుడుచుకుని భార్య వంక చూశాడు. ఆమె చూపు తిప్పుకుంది. అప్పుడు రాజరత్నం మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

“నిన్న అన్నయ్య ఏమన్నారండీ?”

అచ్చిబాబు మొద్దుబారిన పాదం వంక చూశాడు.

“రెండు వేళ్లేగా పోయింది, ఎల్లుండికి మిల్లుకి వచ్చెయ్యమన్నాడండి.” అచ్చిబాబు గొంతు పెరగలేదు. “బెల్టు ఆపమని ఆ రోజు ఎంత అరిచానో, అక్కడ పనిచేసే వాళ్లందర్నీ అడగండి. స్విచ్చి పక్కనే నిలబడ్డాడు. ఆ బస్తా అయ్యాక ఆపుతానన్నాడు.”

రేపు పొద్దున దాకా నొప్పి రాదు, భయపడకండని ఆపరేషన్‌కి ముందు డాక్టరుగారే ధైర్యం చెప్పారట. కాళ్లు కదలడం మధ్యాహ్నమే గమనించాడు. అన్న కిందకి దిగాక తనూ వెనక మెట్లు దిగాడు. గంగయ్య చల్లగా ఉంటుందని షెడ్డు గుమ్మంలో సోడా తాగుతున్నాడు. లోవరాజు అది తెచ్చిచ్చి కారు దగ్గరికి వెళ్లిపోయాడు. కరెంటు పోయింది. బెల్టు సంగతి అడిగితే అన్న నవ్వాడు. అంతే, చేతికి హ్యాండిల్ దొరికింది. అన్న చేతిలో సీసా జారి గుమ్మంలో పగిలింది.

“లోవరాజుకి ఏమీ తెలియదండి. వాణ్ణి పట్టుకెళ్తుంటే కిటికీలోంచి చూశాను. నోరు రాలేదు.”

క్రిస్టినా ఖాళీ సిరంజి ట్రేలో పెట్టి, ఎవరి ముఖమూ చూడకుండా చేతులు కడుక్కోవడానికి వెళ్లింది.

రమేష్ బాబు వరండాలో కౌంటర్ దగ్గరికి నడిచి ఫోన్ తీశాడు. లోవరాజుని కోర్టుకి పంపవద్దని స్టేషన్‌లో చెప్పాడు. ఆ మాట అనడం ఎంత కష్టమైందో వెనక నిలబడిన రాజరత్నానికి అర్థమైంది. మనిషి ఎలా ఉన్నాడని కూడా అడిగాడు. అవతలి మాట విని అతని భుజాలు తేలికపడ్డాయి.

“బాగానే ఉన్నాడంట,” అన్నాడు ఇటు తిరిగి. “రాత్రంతా నడుం నొప్పని మూలిగాడు గానీ, పొద్దుట్నించి అదీ లేదంట. నొప్పి లేదని వాడే చెప్పాడంట. మేమేదో చంపేసినట్టు మాట్లాడారు మీరు.”

చేతులు తుడుచుకుంటూ వస్తున్న క్రిస్టినా అక్కడే ఆగిపోయింది.

“కాళ్లు కదుపుతున్నాడా? అడగండి.”

రమేష్ బాబు అడిగాడు. ఆమె దగ్గరికి వచ్చేసింది. రిసీవర్‌లోంచి కానిస్టేబుల్ గొంతు ముగ్గురికీ వినపడింది.

“లేదండి. కాళ్లు లేనట్టే ఉందన్నాడండి. నాకేమన్నా మత్తిచ్చారా అని మమ్మల్నే అడిగాడు.”

క్రిస్టినా రిసీవర్ లాక్కుంది. అతన్ని ఎవరూ లేపకూడదనీ, కూర్చోబెట్టకూడదనీ, వెన్నెముక విరిగి ఉంటుందనీ, ఉన్నచోటే కదలకుండా పడుకోబెట్టి ఉంచమనీ గబగబా చెప్పింది.

“ఇద్దరం రెక్కలు పట్టుకుని లేపేశామండి. జీపులో కూర్చోబెట్టాం. ఇందాకే గేటు దాటిపోయింది. సీఐగారు పంపొద్దనేసరికి చెప్పడానికి భయమేసి...”

రాజరత్నం మిగతాది వినలేదు. మెట్లు దిగుతుంటే వెనకనుంచి క్రిస్టినా అడుగుల చప్పుడు వినపడింది. కింద లోవమ్మ కొంగు సర్దుకుంటూ లేచి నిలబడింది.

“మావోడు కాదని తేలిందా బాబుగారూ?”

“తేలిందమ్మా. కారెక్కు. ఆ జీపుని దారిలోనే ఆపాలి.”